డబ్బాలు ఒలిచిన లందువన్

లందువన్ మా షాపుల వరసలోకి వచ్చిన రోజున రబ్బరు చెప్పుల్లో ఆమె వేళ్ల సందులు తెల్లగా నాని, చర్మం లేచిపోయి ఉన్నాయి. అయుత్తయాలో వరద తీయడం అప్పుడప్పుడే మొదలైంది. బ్యాంకాక్‌లో మా కంప్యూటర్ల బజారుకు నీళ్లు రాలేదు గాని, ఆ నీళ్లు తరిమిన మనుషులు మాత్రం పని వెతుక్కుంటూ రోజూ వస్తూనే ఉన్నారు.

నాది నాలుగో అంతస్తులో ప్రింటర్లకు సిరా నింపే షాపు. నాకెదురుగా తెక్ షాపు. హార్డ్ డిస్కులు అమ్ముతాడు. ఆమెను ఎగాదిగా చూసి అడిగాడు:

"ఇంతకుముందు ఏం చేసేదానివి?"

"డిస్కుల ఫ్యాక్టరీలో అన్నా. మూతలు బిగించే వరసలో."

తెక్ పగలబడి నవ్వాడు. "ఇంకేం మరి! అక్కడ బిగించావు, ఇక్కడ విప్పు. చేతులు చేసిన పాపం చేతులతోనే పోతుంది. ఇవాళే కూర్చో."

ఆ యేడు ప్రపంచానికి డిస్కులు చేసిపెట్టే ఫ్యాక్టరీల్లో పెద్ద వంతు మా దేశంలోనే ఉండేవి. అవి మునిగేసరికి కంప్యూటర్ లోపల బిగించే డిస్కు ధర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటిగా ఎగబాకింది. కానీ అదే డిస్కును ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, తీగతో కంప్యూటర్‌కి బయటినుంచి తగిలించుకునేలా అమ్మే రకం ఉందే, అది మాత్రం సూపర్ మార్కెట్లలో పాత ధర చీటీతోనే దుమ్ము కొట్టుకుపోయి ఉంది. ఈ సంగతి తెక్ అందరికన్నా ముందు పసిగట్టాడు. మనుషుల్ని ఊరి మీదకు తోలి డబ్బాలన్నీ ఊడ్చుకొచ్చాడు. డబ్బా ఒలిచి, లోపలి డిస్కు తీసి, కంప్యూటర్లో బిగించేదని చెప్పి అమ్మాడు. కంపెనీ హామీ డబ్బాతోనే పోతుందని కొనేవాళ్లకు చెప్పేవాడు కాదు. ఎవరైనా అడిగితే "హామీ నేనే" అని గుండె మీద చెయ్యి వేసుకునేవాడు.

ఆ డబ్బాలకు బయట మరమేకు కనబడదు. అంచు పొడుగునా లోపల కొక్కేలు ఉంటాయి. తెక్ అయితే స్క్రూడ్రైవర్ దూర్చి పీత పెంకు పగలగొట్టినట్టు పగలగొట్టేవాడు. ఒక్కోసారి లోపల గీతలు పడేవి. లందువన్ చెల్లని బ్యాంకు కార్డు ఒకటి అంచులోకి జార్చి, బొటనవేలితో ఒత్తుకుంటూ చుట్టూ తిప్పేది. కొక్కేలు టిక్కుటిక్కుమంటూ వదిలేవి. మూత తీసి, మూలల్లో రబ్బరు ముక్కలు లాగేసి, డిస్కు చివర అంటుకుని ఉండే చిన్న సర్క్యూట్ పలకను మర విప్పి ఊడదీసేది. డిస్కు బల్ల మీదకి, పలక గంపలోకి, ఖాళీ డబ్బా గోనెసంచిలోకి. శనివారం పాత సామాన్లవాడు వచ్చి గంప, సంచి రెండూ మోసుకుపోయేవాడు.

"ఫ్యాక్టరీలో మాకు ఒకళ్ల మొహం ఒకళ్లకి తెలీదక్కా. నెత్తి నుంచి కాళ్లదాకా తెల్ల తొడుగు, కళ్లొక్కటే బయటికి. తుమ్మొస్తే గది దాటెళ్లి తుమ్మాలి. ఒక్క దుమ్ము రేణువు పడితే డిస్కు చచ్చినట్టేనని భయపెట్టేవాళ్లు. ఇక్కడ చూడు, వేయించిన చేప పక్కనే డిస్కులు" అని నవ్వేది నాతో. ఆ ఫ్యాక్టరీ నిలువులోతు నీళ్లలో మునిగింది. గజ ఈతగాళ్లు దిగి యంత్రాలు పైకి తెస్తుంటే టీవీలో చూపించారు. పద్నాలుగేళ్లు పనిచేసిన మనిషికి మాత్రం "కబురు చేస్తాం, ఉండండి" అన్నారంతే.

ఆమె భర్త పేరు సవెంగ్. పగలు బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు. జాతర్ల రోజుల్లో లికే అనే వీధి నాటకాలు ఆడేవాడు. రాజు వేషం. తళుకుల చొక్కా, తలమీద ఈకల తురాయి, మోకాళ్లదాకా తెల్ల మేజోళ్లు. పద్యం అక్కడికక్కడ కట్టి పాడాలి. చూసేవాళ్లలో ముసలమ్మలు మనసు కరిగితే నోట్ల దండ తెచ్చి మెడలో వేస్తారు. వరద ముంచెత్తిన రోజున మిల్లు యజమాని కూలీలను పిలిపించి, కింది బస్తాలు పైకి ఎక్కించమన్నాడు. నీళ్లలో కరెంటు పారుతోందని ఎవరికీ తెలియదు. ముందు దిగినవాడు సవెంగ్. యజమాని అంత్యక్రియలకు పూలచక్రం పంపాడు. దాని మీద మిల్లు పేరు సవెంగ్ పేరుకన్నా పెద్ద అక్షరాల్లో ఉందని లందువన్ చెప్పింది. ఆ మాట చెప్పినప్పుడు ఏడవలేదు. "రంగుకాగితం ఖర్చు కూడా దండగ కాకూడదుగా వాళ్లకి" అంది.

ఆ ఇంట్లో తడవకుండా మిగిలింది బట్టల బీరువా మీద పెట్టిన ఒక డిస్కు డబ్బా ఒక్కటే. ఫ్యాక్టరీలో పనివాళ్లకు చవగ్గా ఇచ్చినప్పుడు కొన్నది. ఏళ్ల తరబడి ఆమె చిన్న కెమెరాతో వేదిక పక్కన నిలబడి తీసిన సవెంగ్ ఆటలన్నీ దాన్లో ఉన్నాయి. ఆమె బ్యాంకాక్‌లో అద్దెకుంటున్న గదిలో నలుగురు ఆడవాళ్లు పడుకునేవాళ్లు. కంప్యూటర్ సంగతి దేవుడెరుగు, తాళం వేసుకునే పెట్టె కూడా లేదు. అందుకని ఆ డబ్బాను గుడ్డసంచిలో పెట్టి, సంచి మీద ఎర్రదారంతో తన పేరు కుట్టి, తెక్ షాపులో తన సొరుగులో ఉంచుకుంది. తెక్ బయటకు పోయిన మధ్యాహ్నాల్లో పరీక్ష చేసే కంప్యూటర్‌కి తగిలించేది. నేను జిగురన్నం, పచ్చి బొప్పాయి పచ్చడి పట్టుకుని అటు వెళ్లేదాన్ని.

"ఇదిగో ఇక్కడ చూడక్కా. పద్యం మర్చిపోయాడు."

తెర మీద రాజుగారు నోరు తెరిచి, మళ్లీ మూసి, పక్కకు తిరిగి డప్పువాడిని అన్నాడు: "ఏరా, నిద్రపోతున్నావా? నీ దరువు తప్పి నా రాజ్యం పోయింది!" జనం గొల్లుమన్నారు. డప్పువాడి తప్పేమీ లేదు పాపం.

"ఈ ఒక్కటీ తీసెయ్యమని ఎంత పోరుపెట్టాడో తెలుసా? నా పరువు పోతుంది, చెరిపెయ్యవే అని. నేను చెరపనన్నాను. రెండు రోజులు నా చేతి అన్నం తినలేదు."

"మరి మూడోరోజు?"

"ఆకలేసింది" అంది. ఇద్దరం నవ్వాం. అంతమందిలో అంత పెద్ద గొంతున్న మనిషి, ఆ చిన్న డబ్బాలోంచి చిన్న గొంతుతో పాడుతున్నాడు. ఆమె శబ్దం పెంచేది కాదు.

జనవరి చివర్లో సవెంగ్ పోయి నూరో రోజు వచ్చింది. ఊళ్లో గుడి దగ్గర భిక్షువులకు భోజనం పెట్టి పుణ్యకార్యం చెయ్యాలని సెలవు అడిగి వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు అరిటాకుల్లో కట్టిన కొబ్బరి మిఠాయిలు తెచ్చింది. నాకిచ్చింది. తెక్‌కీ ఇచ్చింది. "పుణ్యంలో పాలు తీసుకో అన్నా" అంది. తెక్ చేతులు జోడించి తీసుకుని, ఆకు విప్పి నోట్లో వేసుకున్నాడు. ఆమె బల్ల వెనక్కి వెళ్లి సొరుగు లాగింది. గుడ్డసంచి ఉంది. మడిచి ఉంది.

"అన్నా, నా డబ్బా ఏది?"

"ఏ డబ్బా?"

"ఈ సంచిలోది."

తెక్ నములుతూనే చెప్పాడు. "ఓ, అది నీదా? మొన్న నిపత్ వచ్చి మీద కూర్చున్నాడు, కెమెరాల పనికి ఇప్పుడే కావాలని. ఒకటి తక్కువైంది. సొరుగు లాగితే అదే రకం డబ్బా. నువ్వు ఒలవడం మర్చిపోయావనుకుని నేనే ఒలిచి ఇచ్చేశా."

"సంచి మీద నా పేరు కుట్టి ఉంది కదన్నా."

"పేర్లు చదువుతూ కూర్చునే వేళా అది? షాపులో ఉన్నది షాపుదనే అనుకుంటాం."

"దాన్లో ఏముందో చూశావా?"

"చూడ్డానికేముంది? డిస్కు డిస్కే."

"సవెంగ్ ఉన్నాడు" అంది.

తెక్ దవడ ఆగిపోయింది. నోట్లో ఉన్నది మింగలేక, ఉమ్మలేక అలాగే నిలబడ్డాడు. తెక్ రాక్షసుడేమీ కాదు. రంగ్‌సిత్‌లో వాళ్లమ్మ ఇల్లు కూడా మునిగింది. ఇళ్లు మునిగిన పాతిక మంది చుట్టాలకు అన్నం పెడుతున్నాడు. కానీ తప్పు ఒప్పుకోవడం అతనికి చేతకాదు. గబగబా గల్లాపెట్టె వెనకనుంచి ఒక కొత్త డిస్కు తీసి ఆమె ముందు పెట్టాడు.

"అయిందేదో అయింది. ఇది తీసుకో. నీ దానికన్నా రెండింతలు పెద్దది. ఇంకా బోలెడు పడతాయి."

లందువన్ దాన్ని చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. "ఖాళీదే కదన్నా" అంది.

నిపత్ భవనాలకు కాపలా కెమెరాలు పెట్టే మనిషి. విషయం విని తలపట్టుకున్నాడు. "నాకేం తెలుసక్కా! కొత్తదని చెప్పి ఇచ్చాడు. పద, చూద్దాం" అని మోటారు సైకిలు తీశాడు. ఆమెను వెనక ఎక్కించుకున్నాడు. షాపు మూసి నేనూ టాక్సీ బండి ఒకటి పట్టుకుని వెంట వెళ్లాను.

అది పదిహేను అంతస్తుల అద్దె ఇళ్ల భవనం. మెట్ల కింద అలమరలో కెమెరాల రికార్డు పెట్టె గుర్రుమంటోంది. దాని లోపల ఆమె డిస్కు తిరుగుతోంది. పైన చిన్న తెరమీద కార్లు పెట్టుకునే చోటు కనబడుతోంది. ఒక తెల్లకారు వెనక్కి వస్తోంది. ఒక పిల్లి గోడవారనే నడిచింది. కాపలావాడు ఆవులించాడు.

భవనం చూసుకునే ఆవిడ మెడలో తాళాల గుత్తితో వచ్చింది. "ఆపడానికి వీల్లేదు. ఆపిన గంటలో ఎవరి కారైనా పోతే జవాబు మీరు చెప్తారా?"

"అమ్మా, అందులో మా ఆయన ఉన్నాడు."

ఆవిడ తెర వంక ఒకసారి, లందువన్ వంక ఒకసారి చూసింది. "అందులో కార్లే ఉన్నాయమ్మా. రెండు రోజుల కార్లు."

లందువన్ నా వైపు తిరిగి మెల్లిగా అంది: "నా మొగుడి మీద కార్లు తోలుతున్నారక్కా."

నిపత్ చేతులు జోడించి బతిమాలాడు. తెక్ ఇచ్చిన పెద్ద డిస్కు చూపించి, దీని బదులు ఇది బిగిస్తానన్నాడు. ఆవిడ దాన్ని తీసుకుని వెలుతురులో పెట్టి చూసింది. "ఇదైనా కొత్తదేనా? ఎవరి మొగుడూ లేడు కదా ఇందులో?" అంది. కాపలావాడు నవ్వబోయి ఆపుకున్నాడు. చివరికి ఒప్పుకుంది. అలా తెక్ ఇచ్చిన పెద్దది ఆ అలమరలోకి పోయింది. ఆమెది ఆమె చేతికొచ్చింది. వేడిగా ఉంది. పయటకొంగులో చుట్టుకున్నట్టు చొక్కా అంచులో చుట్టుకుని పట్టుకుంది.

మా బజారు పై అంతస్తులో ఒరన్ అని, పాడైన డిస్కుల్లోంచి పోయినవి బయటకు తీసే కుర్రాడు ఉన్నాడు. రెండు రోజులు ఉంచుకున్నాడు. మూడోరోజు పిలిచాడు.

"శుభవార్తే పిన్నీ. రికార్డు పెట్టె దీన్ని మొదట్నుంచి రాసుకుంటూ వచ్చింది గాని, ఇంకా కొంచెమే నిండింది. మీవి చాలా మటుకు కింద అలాగే ఉన్నాయి."

లందువన్ గోడకు ఆనుకుంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"కానీ ఒక చిక్కుంది" అన్నాడు ఒరన్. "ఈ రకం డబ్బాల్లో రాసేటప్పుడే మొత్తం కలగాపులగం చేసి రాస్తుంది. చదివేటప్పుడు మళ్లీ విడదీస్తుంది. ఆ పని చేసేది డిస్కు కాదు. డబ్బాలో చిన్న పలక ఉంటుంది చూడండి, అది. తాళంచెవి దాన్లోనే ఉంటుంది. ఆ పలక తెచ్చివ్వండి, తీసిస్తా."

ఆమె మొహం చూసి అతనే అడిగాడు. "లేదా?"

"గంపలో వేస్తాం. శనివారం పాత సామాన్లవాడు పట్టుకుపోయాడు" అంది. "పద్నాలుగేళ్లు డిస్కులు బిగించాను బాబూ. డిస్కు గురించి చెప్పారు. డబ్బా గురించి ఎవరూ చెప్పలేదు" అంది.

పాత సామాన్లవాడి గిడ్డంగి నది అవతల. మేము వెళ్లేసరికి అతను కూర్చుని ముక్కు చీదుకుంటున్నాడు. వెనక పలకల కుప్పలు. పచ్చవి, నీలం రంగువి. కొన్నింటిని అప్పటికే యాసిడ్ తొట్లలో ముంచారు, వాటి మీది బంగారు పూత తీసుకోడానికి.

"తీసుకోండమ్మా, దొరికితే. ఏ పలకో ఎలా గుర్తుపడతారు?" అన్నాడు.

గుర్తుపట్టే దారి ఒకటి ఆమెకు తెలుసు. దాన్ని విప్పింది తను కాదు, తెక్. తెక్ విప్పితే మర కంత పక్కన గీత పడి ఉంటుంది. గోనెపట్టా పరుచుకుని కూర్చుంది. పక్కన నేనూ కూర్చున్నాను. ఒక్కొక్కటీ తీసి వెలుగుకు పట్టుకుని చూసేది. "ఇది నాదే. శుభ్రంగా ఉంది చూడు" అని పక్కన పడేసేది. "ఇదీ నాదే." "ఇదీ." కుప్పకు కుప్ప ఆమె చేత్తో విప్పినవే. తన పనితనం చూసి ఆ రోజు ఏడ్చినంతగా ఆమె ఎప్పుడూ ఏడవలేదు. వాటిలో ఎవరెవరి తాళంచెవులు ఉన్నాయో మాకెలా తెలుస్తుంది? కొత్త డబ్బాలవే చాలామటుకు. కానీ తెక్ సెకండ్ హ్యాండ్‌వి కూడా కొనేవాడు.

గీత పడ్డవి కొన్ని దొరికాయి. నూడుల్స్ పొట్లం కట్టే ప్లాస్టిక్ సంచిలో వేసుకుని తెచ్చాం. ఒరన్ విసుక్కోకుండా ఒక్కొక్కటే తగిలించి చూశాడు. ఆఖరిది తీసి బల్ల మీద పెట్టాడు.

"అన్నీ ఒక్క తల్లి పిల్లల్లాగే ఉన్నాయి పిన్నీ. దీని తాళం ఏదీ తియ్యట్లేదు."

డబ్బులు తీసుకోలేదు. టీ తెప్పించాడు. ఎవరం తాగలేదు.

తర్వాత ఆమె ఊరికి వెళ్లి, సవెంగ్‌తో ఆడినవాళ్లందర్నీ అడిగింది. ఎవరైనా ఫోనులో తీశారేమోనని. వాళ్ల ఇళ్లూ మునిగినవే, ఫోన్లూ మునిగినవే. నాటక బృందం పెద్దాయన మేనకోడలి దగ్గర మాత్రం ఒక చిన్న వీడియో ముక్క దొరికింది. తెచ్చి నాకు చూపించింది. అందులో పాడుతున్నది వేరేవాడు. వెనక, వేదిక మూల, ఇటు వీపు పెట్టి సవెంగ్ వంగి ఉన్నాడు.

"మేజోడు లాక్కుంటున్నాడక్కా. ఎప్పుడూ జారిపోయేవి" అంది.

గొంతు లేదు, మొహం లేదు. రాజుగారి వీపు, రెండు చేతులు, తెల్ల మేజోడు. అంతే.

తెక్ దగ్గర పని మానేసింది. తెక్ ఒకసారి నా షాపు ముందుకొచ్చి నిలబడి, "ఆవిణ్ని రమ్మను అక్కా. జీతం పెంచుతా. మంచి చెయ్యి" అన్నాడు. "నువ్వే చెప్పు, ఎదురుగానే ఉందిగా" అన్నాను. ఆమె నా బల్ల పక్కన కూర్చుని ఉంది. ఆమె వంక చూడలేక వెళ్లిపోయాడు.

ఆ డిస్కును ఆమె ఏం చేసిందో చెబితే కొందరు ముక్కున వేలేసుకుంటారు. ఒరన్ దగ్గరకు పట్టుకెళ్లి, అతని యంత్రం మీదే, మొదటినుంచి చివరిదాకా తనే తుడిచేసింది. తుడిచి, పరీక్ష చేసి, బాగుందని చూసుకుని, సొంతంగా కంప్యూటర్ బిగించుకుంటున్న ఒక కాలేజీ పిల్లకు అమ్మేసింది. సెకండ్ హ్యాండ్‌దని, హామీ లేదని చెప్పి మరీ అమ్మింది.

"ఎందుకే అలా చేశావు? ఎప్పుడో ఒకనాడు ఎవరైనా ఆ తాళం తియ్యగలరేమో" అన్నాను కోపంగా.

"తీస్తారేమోనని ఎన్నాళ్లు కూర్చోను అక్కా? మూసిన గదిలో అతను ఉన్నాడు, నేను గుమ్మం బయట ఉన్నాను అనుకుంటూ బతకనా? చచ్చిపోయిన మనిషికి ఒకసారి దహనం చేశాను. ఇంకోసారి చేశాను, అంతే."



ఏడాది తిరిగేసరికి ఫ్యాక్టరీలు లేచాయి. ధరలు దిగాయి. డబ్బాలు ఒలిచే పని ఎవరికీ అక్కరలేకపోయింది. లందువన్ ఫ్యాక్టరీ నుంచి కబురు రానే వచ్చింది, కొత్తగా చేరినట్టు రాసుకుని రమ్మని. ఆమె వెళ్లలేదు. నా దగ్గరే సిరా నింపడం నేర్చుకుంది. తెక్ ఆ సంపాదనతో పక్క షాపు కూడా కలుపుకున్నాడు. తరవాత ఫోన్ల తొడుగులు పెట్టాడు. అవీ బాగానే పోతున్నాయి. మంచివాళ్లకు మంచి, చెడ్డవాళ్లకు చెడు అని మా గుళ్లో భిక్షువు చెప్తుంటాడు. ఏ జన్మలోనో ఆయన చెప్పడు.

మొన్న ఒక పెద్దమనిషి పాత డిస్కు డబ్బా పట్టుకొచ్చాడు. మా షాపు ముందు నిలబడి, ఇది విప్పి కంప్యూటర్ లోపల పెట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. లందువన్ తలెత్తింది.

"నేను విప్పుతాను. ముందు ఇందులో ఉన్నది వేరే దాన్లోకి ఎక్కించుకుని రండి."

"అందులో ఏమీ లేదమ్మా. పాత చెత్త."

"ఆ చెత్తే ఎక్కించుకుని రండి. రేపు విప్పుతా."

"రెండు నిమిషాల పనికి రేపా?" అని విసుక్కున్నాడు. చుట్టూ చూశాడు. ఎదురుగా తెక్ స్టూలు మీంచి లేచి, "ఇటు రండి సార్, ఇటు" అని చెయ్యి ఊపాడు. ఆయన అటు నడిచాడు. లందువన్ సగం లేచి, "సార్, ఒక్కసారి—" అంది. ఆయన వెనక్కి తిరగలేదు. తెక్ చేతిలో అప్పటికే స్క్రూడ్రైవర్ ఉంది.